మంచి మరణమునకు చెక్కిన బొమ్మలు

ధర్మపురిని దర్శించిన వానికి యమపురి లేదని మా గోదావరీతీరమున పసిపిల్లలు సైతము చెప్పుదురు. దక్షిణవాహినియైన నదిలో మునిగి, యోగనారసింహుని సేవించి, ఆ ప్రాంగణముననే కొలువైయున్న యమధర్మరాజు సన్నిధిని గండదీపములో నూనె పోసి, ఇంటిల్లిపాది గండములును గడచిపోవలెనని మ్రొక్కి మరలు యాత్రికులను నిత్యము చూచు మాబోంట్లకు, ఐరోపాఖండమున అచ్చుయంత్రము ఇంకను పుట్టకమునుపే చెక్కపై చెక్కి కాగితముపై అద్దిన ఒక క్రైస్తవచిత్రము చిరపరిచితమైన దానివలె తోచును. అది పరిశుద్ధ క్రిస్టఫరు చిత్రము. దానిపై 1423వ సంవత్సరము చెక్కబడియున్నది. జర్మనీదేశమున బుక్స్‌హైము మఠమునందలి ఒక వ్రాతప్రతి అట్టకు లోపలివైపున అతికింపబడియుండిన ఆ చిత్రము నేడు ఇంగ్లండున మాంచెస్టరు నగరపు రైలాండ్సు గ్రంథాలయములో భద్రముగా నున్నది. మహాకాయుడొకడు పెద్దకఱ్ఱ ఊతగా, బాలక్రీస్తును భుజముపై నెత్తుకొని ప్రవాహమును దాటుచుండును. ఆవలియొడ్డున తపస్వి యొకడు దీపము చూపుచుండును. ఆ క్రిస్టఫరు ముఖమును చూచిన దినమున చూచినవానికి దుర్మరణము కలుగదని బొమ్మ క్రింద రెండు లాటిను పంక్తులు అభయమిచ్చుచున్నవి. దర్శనమాత్రమున దుర్మరణభయము తొలగునను విశ్వాసము గోదావరియొడ్డున ఎట్లున్నదో, డాన్యూబునదీపరిసరములందును అట్లే ఉండెను.

ఆ కాలపు క్రైస్తవులు దుర్మరణమని దేనిని తలచిరో తెలిసికొననిదే ఆ చిత్రములు మనకు బోధపడవు. కత్తిపోటువలననో, నీట మునుగుటవలననో కలుగు చావు మాత్రమే వారి దృష్టిలో దుర్మరణము కాదు. చేసిన పాపములను గురువునెదుట ఒప్పుకొనుటకును, అంత్యసంస్కారములను పొందుటకును వ్యవధి లేక ప్రాణము పోవుటయే వారికి పరమభయంకరము. 1347 మొదలు 1351 వరకు ఐరోపాను ఊడ్చిపెట్టిన మహామారి జనులలో కనీసము మూడవవంతును పొట్టన పెట్టుకొన్నది. మంచము చెంతకు రావలసిన గురువులే ముందు కూలిరి. గురువు రాలేని యింట, తెలిసిన పొరుగువాడో, చదువు వచ్చిన బంధువో కూర్చుండి, పోవుచున్నవాని మనస్సును నిలువబెట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా పదునైదవ శతాబ్దపు తొలిభాగమున, 1414లో మొదలైన కాన్‌స్టన్సు మతసభ కాలమునకు దాపున, కర్త పేరు తెలియని యొక లాటిను గ్రంథము వెలసినది. చక్కగా మరణించు విద్యను బోధించు ఆ గ్రంథమునకు ‘ఆర్స్ మొరియెండి’ యని పేరు. దానిని సంక్షేపించి, 1450వ సంవత్సర ప్రాంతమునుండి పదునొకండు బొమ్మలతో చెక్కి అచ్చొత్తిన పుస్తకమే ఈ వ్యాసమునకు ప్రధానవిషయము. తొలినాటి క్రైస్తవముద్రణమున దారుఫలకచిత్రములు వేలకొలదిగా నున్నవి. అందులో ఈ పదునొకండింటికి సాటివచ్చునవి బహుస్వల్పమని నా నమ్మకము.

చిత్రము చూపి పరలోకమును బోధించుట మనకు కొత్తకాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని చారుడైన నిపుణకుడు యమపటము చేతబట్టి పాటలు పాడుచు ఇల్లిల్లు తిరిగి, చందనదాసు ఇంటిలో దాగిన రహస్యమును బయటపెట్టును. యమపటము చూపువానిని ఏ గుమ్మమువారును అడ్డగింపరు గనుకనే ఆ వేషము వానికి అక్కరకు వచ్చినది. బాణభట్టుని హర్షచరితమున, తండ్రి ప్రభాకరవర్ధనుడు రోగశయ్యపై నున్నాడని విని పరుగుపరుగున వచ్చిన హర్షుడు రాజధాని అంగడివీథిలో మొదట చూచినది యమపటము చూపువానినే. పిల్లలు గుంపుగూడి చూచుచుండగా వాడు మహిషారూఢుడైన ప్రేతనాథుని రెల్లుకఱ్ఱతో చూపుచు పరలోకవృత్తాంతమును చెప్పుచుండెనట. రాజకుమారుని గుండెలో నున్న భయమును బాణుడు నేరుగా చెప్పక, వీథిలోని యొక బొమ్మచేత చెప్పించినాడు. ఏడవ శతాబ్దపు ఆ సంప్రదాయపు వేరు మన తెలంగాణమున ఎండిపోలేదు. చేర్యాల నకాషీలు చింతగింజల జిగురును, సుద్దమట్టిని, గంజిని పట్టించిన బట్టపై ఎఱ్ఱని నేపథ్యముతో కథలను వరుసవరుసలుగా వ్రాసిరి. పద్మశాలీలకు మార్కండేయ భావనాఋషుల కథలను చెప్పు కూనపులివారు అట్టి పటమును కట్టి, పుల్లతో చూపుచు, పాడుచు, యమపాశము బాలుని మీద పడు ఘట్టమునకు వచ్చినంతనే గొంతు మార్తురు.

పటమునకు కథకుడు కావలెను. వాడు లేనిచో ఆ బట్ట మూగది. చెక్కబొమ్మల పుస్తకమైతే కథకుని మాటను కూడ తనలో చెక్కుకొని, ఒకే పలకనుండి వందల ప్రతులుగా పుట్టి, కథకుడు పోలేని ఇండ్లకును పోగలిగినది. ఆ పని జరిగిన తీరును కొంత వివరింపవలెను.

పియరు చెట్టుయొక్క గాని, అట్టి గట్టి సన్ననార చెక్కయొక్క గాని పలకను నునుపుచేసి, దానిపై చిత్రకారుడు సిరాతో బొమ్మ గీయును. తరువాత పలక మరియొకని చేతికి పోవును. వాడు ప్రతి గీతకును ఇరువైపుల కత్తి నడిపి, గీత కాని చోటునంతయు లోతుగా తొలచివేయును. తుదకు గీత మాత్రము గోడవలె పైకి నిలుచును. దానికే సిరా అంటును. గీతకు గీత అడ్డముపడి వలవలె అల్లుకొన్నచోట, ఆ వలకన్నులను ఒక్కొక్కటిగా తొలచి తీయవలెను. గీసినవానికి క్షణకాలపు పని, చెక్కినవానికి పూటపని. అక్షరములను కూడ ఆ చెక్కపైననే, అద్దములో చూచినట్లు తిరుగవేసి, చెక్కవలసియుండెను. మా నిర్మలు బొమ్మలకు వాడు పొనికిచెక్క ఎంత తేలికగా కత్తికి లొంగినను, ఇట్టి వెండ్రుకవాసి గీతను వందల ఒత్తిళ్లకు నిలుపజాలదు. పెడన అద్దకపువారు బట్టలపై అద్దుటకు టేకుదిమ్మెలను కోరుకొనుటకును కారణమిట్టిదే. తొలినాళ్లలో యంత్రముతో పనిలేదు. దిమ్మెకు పలుచని గోధుమవన్నె సిరా పూసి, తడిపిన కాగితము పఱచి, వీపువైపున తోలుమెత్తతో గట్టిగా రుద్దుదురు. ఆ రాపిడికి కాగితపు వెనుకభాగము చెడిపోవుటచే ఒకవైపుననే అచ్చు పడును. రెండు ఖాళీపుటలను వీపులు కలిపి అతికించినచో ఒక ఆకు అగును. పిదప రంగులు చేతితో దిద్దుదురు.

ఆర్స్ మొరియెండి పీఠికలో ఒక మాట యున్నది: అక్షరములు చదువుకొన్నవానికే పనికివచ్చును, బొమ్మలు చదువుకొన్నవానికిని చదువురానివానికిని సమానముగా పనికివచ్చును అని దాని సారాంశము. ఆ మాటకు తగినట్లే గ్రంథమును కూర్చిరి. ఒకవైపు నిండుపుట బొమ్మ, దాని కెదురుగా నిండుపుట వచనము. బొమ్మలన్నిటను అదే గది, అదే మంచము, దానిపై అదే ముమూర్షువు. ఎముకలగూడైన దేహము, దుప్పటిపై చాచిన చేతులు. మారునదల్లా మంచము చుట్టు మూగువారు. ఒక బొమ్మలో పిశాచములు మూగి శోధించును. తరువాతి బొమ్మలో దేవదూత వచ్చి ఓదార్చును. అవిశ్వాసము, నిరాశ, అసహనము, ఆత్మస్తుతి, లోభము అను ఐదు శోధనలకు ఐదు ఓదార్పులు.

అసహనమును చూపు బొమ్మ యొకటి చాలును, ఆ చిత్రకారుడు రోగశయ్యలను ఎంత దగ్గరగా చూచినవాడో గ్రహించుటకు. రోగి దుప్పటిలోనుండి సన్నని కాలు చాచి, ప్రక్కన నిలిచినవానిని తన్నుచున్నాడు. మందుబల్ల తలక్రిందులైనది, దానిపై నున్న పాత్రలు నేలపాలైనవి. ఒక స్త్రీ ఇదేమియు ఎఱుగనట్లు భోజనపదార్థములను పట్టుకొని వచ్చుచున్నది; మరియొక స్త్రీ రోగి పడు బాధను జాలితో చూపుచున్నది. మంచము దగ్గర పిశాచమొకటి తన పన్నాగము పారినదని సంతోషించుచున్నది. దీర్ఘరోగికి ఉపచారము చేసిన ఇల్లాలి కెవ్వరికైనను ఈ బొమ్మకు వ్యాఖ్యానము అక్కఱలేదు. ఎంతటి సౌమ్యుడైనను బాధ పెచ్చుపెరిగిన రాత్రి తనవారినే కసరికొట్టును. గ్రంథకర్త ఆ కసరును రోగి స్వభావముగా గాక, బయటినుండి వచ్చి మీదబడిన శత్రువు చేతగా చూపినాడు. ఉపచారము చేయువారికి దీనికంటె దయగల బోధ వేఱొకటి యుండునా?

నిరాశను చూపు బొమ్మ మా ధర్మపురివారిని మరింత ఆలోచింపజేయును. పిశాచమొకటి వ్రాతపలక వంటిదానిని ముమూర్షువు కన్నులెదుట పట్టుకొనియున్నది; అతని పాపముల పద్దు అందున్నది. అతనివలన చెడిన స్త్రీ, అతని చేత హతుడైనవాడు, అతడు త్రోసిపుచ్చిన బిచ్చగాడు మంచము చుట్టు నిలిచియున్నారు. మన కథలలో పద్దు చిత్రగుప్తుని చేతిలో నుండును. అతడు ధర్మరాజు కొలువులో లేఖకుడు. అతని లెక్క న్యాయస్థానపు లెక్క. ఈ బొమ్మలోనైతే పద్దు వంచకుని చేతికి పోయినది. అందులో వ్రాసినది అబద్ధమా యన్నచో, కాదు. ప్రతి అక్షరమును నిజమే. ఆ నిజమును చూపి, ఇక నీకు క్షమ లేదు అని తీర్పు చెప్పుటయే వంచన. వెంటనే వచ్చు ఓదార్పు బొమ్మలో దేవదూత ఆ పద్దును చింపివేయడు, కొట్టివేయడు. క్రీస్తును ఎఱుగనని బొంకిన పేతురును అతని కోడిపుంజుతో సహా, సిలువపైననే పశ్చాత్తాపపడిన దొంగను, మగ్దలేనె మరియను, గుఱ్ఱముపైనుండి కూలిన సౌలును తెచ్చి మంచముదగ్గఱ నిలుపును. వీరందఱి పద్దులును పెద్దవే, వీరందఱును గట్టెక్కిరి. వాదమునకు వాదము కాక, మనుష్యులను సాక్ష్యముగా నిలుపుట ఈ గ్రంథపు పద్ధతి.

ఈ మనుష్యులను ఎట్లు గుర్తుపట్టుదుము? ఇచ్చట మన ఆలయవిగ్రహశాస్త్రమే మనకు తోడుపడును. శంఖచక్రములను చూచి విష్ణువును, పాశదండములను చూచి యముని, యోగపట్టమును చూచి యోగనారసింహుని గుర్తించు భక్తుడు ముఖములోని పోలికకై వెదకడు. క్రైస్తవ చెక్కబొమ్మలును అట్లే లక్షణములచేత చదువదగినవి. అసహనమునకు ఓదార్పుగా వచ్చినవారిని చూడుడు: చేత గోపురముగలది బార్బరా, చక్రముగలది కాథరీను, ఇనుపజల్లెడవంటి మంచముగలవాడు లారెన్సు, రాళ్లుగలవాడు స్తెఫాను. వారి వారి వధకో బంధనమునకో సాధనమైన వస్తువే వారి చేతిలో గుర్తుగా నిలిచినది. బాధ ననుభవించి దాటినవారు గనుక, తన బాధకు తాళలేక ప్రక్కవానిని తన్నినవాని చెంతకు వారిని పిలిచిరి. ఈ లక్షణపద్ధతిని ఎఱుగని నవీనులు కొందఱు 1493లో న్యూరెంబర్గున కోబర్గరు ముద్రించిన మహాచరిత్రగ్రంథమును చూచి, ఒకే ముఖమును పలువురు రాజులకు, ఒకే పట్టణమును పలుపట్టణములకు వాడిరని ఆక్షేపించిరి. 645 దిమ్మెలతో 1809 బొమ్మలు నింపిన మాట వాస్తవమే. రాజుకు కిరీటము, ప్రవక్తకు గడ్డము, నగరమునకు ప్రాకారము ఉన్నచో ఆనాటి పాఠకునికి చాలును. వ్యక్తి పేరును ప్రక్కనున్న అక్షరము చెప్పును.

లోభపు బొమ్మలో పిశాచములు ఇంటిని, నేలమాళిగలోని ద్రాక్షాసవపు పీపాలను, లాయమునకు గుఱ్ఱమును నడిపించుకొనిపోవు సేవకుని, చుట్టును చేరిన ఆలుబిడ్డలను చూపి, వీరినెట్లు విడిచిపోదువని అడుగును. దానికి ప్రతిగా దేవదూత ఒక వస్త్రమును తెరగా పట్టి ఆ బంధువులను కనుమఱుగు చేయును. ఇది కఠినముగా తోచవచ్చును. అంత్యకాలమున మనస్సు దేనిపై నిలుచునో గతియు దాని ననుసరించునని గీతలో విన్న మనకు మాత్రము ఆ తెరయొక్క అవసరము సులువుగనే తెలియును. పదునొకండవ బొమ్మలో యుద్ధము ముగిసినది. ప్రక్కన నిలిచిన సన్యాసి ముమూర్షువు చేతిలో వెలుగుచున్న క్రొవ్వొత్తిని ఉంచుచున్నాడు. ప్రాణము చిన్నబిడ్డ రూపమున వెలువడగా దూతలు అందుకొనుచున్నారు. ఓడిన పిశాచములు మంచము క్రింద జుట్టు పీకికొనుచున్నట్లు వంకరలు పోవుచున్నవి. చిత్రముగా, ఈ పదునొకండు బొమ్మలలో ఎక్కడను మృత్యుదేవత లేదు. పాశము లేదు, దున్నపోతు లేదు. చావును ఎదుర్కొనుట వారికి సమస్య కాలేదు. చావు రాకముందు గడచు చివరి గడియలలో మనస్సు ఎవరివైపు ఒరుగునన్నదే సమస్య.

సీసపు అక్షరములు వచ్చిన తరువాతను చెక్కబొమ్మ వెనుకబడలేదు. లోహాక్షరములెంత యెత్తో దిమ్మెయు అంతే యెత్తున కోసినచో, రెండింటిని ఒకే చట్టములో బిగించి ఒకే ఒత్తిడితో అచ్చు వేయవచ్చును. రాగిరేకుపై చెక్కిన బొమ్మకు ఈ సౌలభ్యము లేదు. అందుచేత 1460 ప్రాంతమున బాంబర్గులో ఫిస్టరు మొదలుకొని ముద్రాపకులు దీనినే పట్టుకొనిరి. 1498లో చిత్రకారుడు డ్యూరరు బైబిలులోని ప్రకటనగ్రంథమునకు వేసిన పదునైదు బొమ్మలతో ఈ కళ శిఖరమెక్కినది. 1522 సెప్టెంబరులో లూథరు జర్మను క్రొత్తనిబంధనకు క్రానాకు కర్మాగారమువారు వేసిన బొమ్మలలో, బాబిలోను వేశ్య తలపై పోపుగారి మూడంతస్తుల కిరీటమునే పెట్టిరి. దానిపై గగ్గోలు పుట్టగా, డిసెంబరు కూర్పునాటికి దిమ్మెలోనే పై అంతస్తులను తొలగించి మామూలు కిరీటము చేసిరి. కత్తితో చెక్కినదానిని కత్తితోనే దిద్దవలసి వచ్చినది.

మన దేశమునకు క్రైస్తవముద్రణ 1556లో గోవాకు వచ్చినది. 1578లో కొల్లమున తమిళలిపిలో పుస్తకము వెలువడినది. తెలుగక్షరము అచ్చు ముఖము చూచినది మాత్రము దూరదేశమైన జర్మనీలో, హాలె నగరమున, 1746లో. మదరాసున చిరకాలము పనిచేసి మరలిన బెంజమిను షుల్జుగారు ప్రకటించిన క్రైస్తవపుస్తకములే మొదటి తెలుగు అచ్చుపుస్తకములు. ఇక చదువురాని భక్తునికి బొమ్మతో బోధించు పాత పద్ధతి మా ఉత్తర తెలంగాణమునకు అందుబాటులో కానవచ్చుచోటు 1924లో పూర్తియైన మెదకు ప్రధానదేవాలయము. అచ్చటి రంగుటద్దాల గవాక్షములలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము సూర్యకిరణములచే ప్రకాశించుచుండును.

కాలక్రమమును కొంత తప్పించి చిత్రకారుడు హోల్బైను గీసిన చిత్రములను చివరకు ఉంచితిని. ఏలనన, ఆర్స్ మొరియెండిలో కానరాని మృత్యువు ఈయన బొమ్మలలో దాదాపు అన్నిటను తానే నాయకుడై నిలిచినది. 1538లో ఫ్రాన్సుదేశపు లియోను నగరమున ట్రెక్సెలు సోదరులు ముద్రించిన చిన్న పుస్తకమున 41 బొమ్మలున్నవి. ఒక్కొక్కటి సుమారు ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తు, అయిదు సెంటీమీటర్ల వెడల్పు. అరచేతిలో రెండు మూడు ఇముడును. పైన బైబిలు వాక్యము, క్రింద నాలుగు పంక్తుల ఫ్రెంచి పద్యము. అస్థిపంజరరూపమున మృత్యువు పోపును, చక్రవర్తిని, న్యాయాధిపతిని, వైద్యుని, ధనికుని వారి వారి పనులలో నుండగా వచ్చి పట్టుకొనును. ధనికుని విషయమున అతనిని ముట్టనైన ముట్టక బల్లపై నాణెములను ఊడ్చికొనును. లోభికి అంతకు మించిన చావు లేదు గదా. వీరిపట్ల హోల్బైను మృత్యువు నిర్దయుడు.

పేదలకడ ఆ మృత్యువు నడక మారును. ముసలి రైతు పొలము దున్నుచున్నాడు. సూర్యుడు గ్రుంకుచున్నాడు, దూరమున దేవాలయశిఖరము కనబడుచున్నది. మృత్యువు గుఱ్ఱముల ప్రక్కన పరుగెత్తుచు, కొరడాతో వానిని తోలి, ఆఖరి చాలును త్వరగా ముగించుటకు రైతునకు సాయపడుచున్నది. ఇంత చిన్నచెక్కపై ఇంత విశాలమైన పొలమును, అంత సాయంకాలమును పట్టించుట నాకు ఎన్నిసార్లు చూచినను అద్భుతముగనే యుండును. మరియొక బొమ్మలో పూరిగుడిసెలో తల్లి నిప్పుపై గంజి కాచుచుండగా మృత్యువు చిన్నబిడ్డను చేయిపట్టుకొని నడిపించుకొని పోవును. బిడ్డ వెనుదిరిగి తల్లివైపు చేయి చాచును. దీనికి ఓదార్పుబొమ్మ లేదు. పాత గ్రంథమున ప్రతి శోధనకును ప్రక్కపుటలో దేవదూత వచ్చెడివాడు. హోల్బైను పుస్తకమున బిడ్డ పోయిన తల్లికి ఎదురుపుటలో మరియొకరి చావు మాత్రమే యున్నది. మా యమధర్మరాజు కొలువులో దీపము పెట్టువారిలో అధికులు తమకొఱకు గాక బిడ్డలకొఱకే నూనె పోయుదురు; వారు ఈ బొమ్మను చూచినచో ఏ భాషాభేదమును వారికి అడ్డము రాదు.

ఇంతటి బొమ్మలను గీసినవాడు హోల్బైనైనను, చెక్కినవాడు హాన్సు లుట్సెల్‌బుర్గరు. గీసినవాని ప్రతి వెండ్రుకవాసి గీతను చెక్కలో నిలిపిన ఆ పనివానికి సమానుడు ఆ శతాబ్దమున లేడని ఎఱిగినవారి మాట. పని ముగియకముందే, 1526లో, అతడు గతించెను. అతడు బాకీపడియుండుటచే చెక్కిన దిమ్మెలు లియోనులోని ఋణదాతలకు పోయినవి. పండ్రెండేండ్లకు పుస్తకము వెలువడినప్పుడు ముఖపత్రమున అతని పేరు లేదు, హోల్బైను పేరును లేదు. డచ్చెసు శయ్యాగారపు బొమ్మలో మాత్రము, ఒక అస్థిపంజరము దుప్పటి లాగుచుండ మరియొకటి ఫిడేలు వాయించుచుండగా, ఆ మంచపుపట్టెపై తన పేరిలోని రెండు తొలి అక్షరములను అతడు చెక్కుకొన్నాడు. పుస్తకమంతటిలో అతని చేవ్రాలు అదియొక్కటే.